తెల్ల వైరు

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అన్న సామెత ఎవరి నోట విన్నా నాయనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. వినపడదని తెలిసీ ఊదేవాడికి బుద్ధి లేకపోతే, వినపడనివాణ్ణి ఆడిపోసుకోవడం ఏమిటని, సామెత అన్నవాళ్ళనీ అననివాళ్ళనీ కలిపి కడిగి పారేసేది. ఆవిడ కొడుకు చెవిటివాడు. కోడలూ అంతే. ఆవిడకేమో కళ్ళు పోయాయి. గోడలకి చెవులుంటాయంటారు గానీ, పెద్దవాళ్ళలో నాయనమ్మ చెవులు తప్పిస్తే ఆ ఇంట్లో ఉన్న చెవులు ఆ గోడలవే. "వాళ్ళకి వినపడదు, ఈవిడకి కనపడదు, ఆ కాపురం ఎలా సాగుతోందో ఏమో" అని మెట్ల దగ్గర చేరిన ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు. సాగింది. భేషుగ్గా సాగింది. ఎందుకంటే ఆ ఇంట్లో వసపిట్ట ఉండేది.

వసపిట్ట అంటే మనవరాలు. బళ్ళో ఏదో పేరుండేది, ఇంట్లో దానితో పనిపడలేదు. చేతులతో మాట్లాడటం అమ్మానాన్నల దగ్గర నేర్చుకుంది, నోటితో మాట్లాడటం నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. రెండూ కలిపి నిద్రలో తప్ప ఆపేది కాదు. దాని నోట్లో నువ్వుగింజ నానేది కాదు. కొడుకూ కోడలూ చేతులతో ఏమనుకుంటున్నారో ఎప్పటికప్పుడు నాయనమ్మ మంచం మీదికెక్కి చెప్పేసేది. అదీ ఊరికే చెప్పేదా? గరిటె మైకులా పట్టుకుని మరీ చెప్పేది.

"ఇంటి వార్తలు. చదువుతున్నది మీ వసపిట్ట. ముఖ్యాంశాలు. అమ్మకి నాన్న మీద కోపం వచ్చింది. కొత్త చొక్కాకి నాన్న ప్రెస్సులో సిరా పూసుకొచ్చారు. నాన్న తప్పు ఒప్పుకోలేదు. మిగతా వివరాలు భోజనాల తర్వాత."

నాయనమ్మ కడుపు పట్టుకుని నవ్వేది. ఆవిడ ఎందుకు నవ్వుతోందో కొడుకు అడిగేవాడు, అదీ వసపిట్టే చెప్పాలి. అలా ఇల్లంతా ఆ ఒక్క పిల్ల నోటిమీదా చేతులమీదా నడిచింది.

కొడుక్కి పుట్టు చెవుడు కాదు. ఐదేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వినికిడిని వెంటబెట్టుకు పోయింది. మాట కొన్నాళ్ళు నిలిచింది గానీ, బళ్ళో పిల్లలు వాడి మాట విని నవ్వితే పెదాలు బిగించేశాడు. మళ్ళీ విప్పలేదు. ఇప్పుడు అచ్చుయంత్రాల దగ్గర పని. ఆ చప్పుడుకి మిగతావాళ్ళకి తలనొప్పి, వీడికి హాయి. తల్లి వెలుగువైపు మొహం పెట్టి మెల్లగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. చిక్కంతా జవాబుతోనే. వాడి చేతులు ఆవిడకి కనపడవు కదా. అరచేతిలో వేలితో ఒక్కొక్క అక్షరమే రాయాలి. ఒక వాక్యం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోతుంది.

కిందటేడు వానల్లో వసపిట్టకి జ్వరం వచ్చింది. ఆ ఇంటిమీద జ్వరాలకి ఏం పగో. ఆస్పత్రికి తీసుకెళ్ళారు, తీసుకురాలేదు. అంతే, అంతకన్నా ఆ సంగతి చెప్పడం నావల్ల కాదు.

తర్వాత ఆ ఇంట్లో వార్తలు ఆగిపోయాయి. కొడుకూ కోడలూ గోడమీద పిల్ల ఫోటోల ముందు నిలబడేవారు. కోడలి గాజుల చప్పుడు ఒక్కచోటే ఆగిపోతే, ఫోటో దగ్గర ఉందని నాయనమ్మకి తెలిసేది. వాళ్ళకి మొహమైనా మిగిలింది. నాయనమ్మ కళ్ళు పిల్ల పుట్టకముందే పోయాయి. ఆవిడ వసపిట్ట మొహం ఎరగదు. ఆవిడకి ఆ పిల్లంటే గొంతు, దాంతోపాటు అంటుకునే ఒక చిన్న చెయ్యి.

ఒకనాడు మధ్యాహ్నం మంచంమీద పడుకుని ఆవిడ, పిల్ల తనని పిలిచిన పిలుపు గుర్తు చేసుకోబోయింది. "నాయనమ్మా" అని మొదట సాగదీసేదా, చివర సాగదీసేదా? గుర్తు రాలేదు. ఇంకో మాట ప్రయత్నించింది. ఇంకోటి. మాటలన్నీ వరసగా వచ్చాయి, ఒక్కదానికీ గొంతు లేదు. అన్నీ తన గొంతుతోనే వినిపించాయి. లేచి కూర్చుంది. ఒకసారి పోయింది చాలక పిల్ల మళ్ళీ పోతోంది, ఈసారి నా ఒక్కదానికే పోతోంది అనుకుని భోరుమంది. పక్కగదిలో ఉన్న కోడలికి అదేదీ వినపడలేదు.

గొంతు ఒక్కచోటే ఉంది. పిల్ల పోకముందు సెలవుల్లో కొడుకు ప్రెస్సులో స్నేహితుడి దగ్గర చేతి కెమెరా అరువు తెచ్చి, గరిటె పట్టుకుని వార్తలు చదువుతున్న వసపిట్టని తీశాడు. కెమెరాలోది చిన్న క్యాసెట్టు, ఇంట్లో వీడియో రికార్డరుకి పట్టదు. అందుకని రికార్డరుకి కెమెరా తగిలించి పెద్ద క్యాసెట్టులోకి ఎక్కించాడు. పిల్ల పోయాక కోడలు ఆ రికార్డరుని, ఆ క్యాసెట్టునీ పాత దుప్పట్లో మూటగట్టి బీరువా మీదికి ఎక్కించేసింది. ఆ మూట జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఈలోపు కేబులు వాళ్ళు ఇంటింటికీ డబ్బా ఒకటి పెట్టిపోయారు. టీవీ వెనక ఉన్న ఒకే ఒక్క రంధ్రం దానికి పోయింది.

ఆ సాయంత్రం కొడుకు రాగానే నాయనమ్మ కిటికీవైపు తిరిగి కూర్చుంది.

"నాకు దాని గొంతు వినాలని ఉందిరా. ఒక్కసారి. ఆ క్యాసెట్టు వెయ్యి నాన్నా."

వాడు ఆవిడ చెయ్యి ఒకసారి నొక్కి, భార్య దగ్గరికి వెళ్ళాడు. వంటింట్లో చాలాసేపు గాజులు గలగలలాడాయి. ఒప్పుకోదేమో, పోనీలే, కన్నతల్లి కడుపుకోత నాకు తెలీదా అనుకుంది నాయనమ్మ. అంతలో స్టూలు ఈడ్చిన చప్పుడు, దుమ్ము దులిపిన చప్పుడు, కోడలు తుమ్మిన చప్పుడు. మూట తనే దించింది.

ఆదివారం పగటిపూట కేబులాయన వచ్చాడు. మంచి మాటకారి. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"ఏం సార్! వీసీఆరా! ఎన్నాళ్ళయింది సార్ దీన్ని చూసి!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నువ్వు మిద్దెక్కి అరిచినా అంతే నాయనా," అంది నాయనమ్మ. "వాడివైపు తిరిగి మెల్లగా చెప్పు. పెదాలు చూస్తాడు."

"అయ్యో, తెలీదు మామ్మగారూ." గొంతు తగ్గించాడు గానీ నోరు మాత్రం తగ్గించలేదు. ఆయన చేసే ప్రతి పనీ చెబుతూ చేస్తాడు. నాయనమ్మకి అదే కావలసింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఒకరు పైకి చెబుతున్నారు.

"ఇదిగో, గోడలోంచి వచ్చే వైరు ముందు మా డబ్బాలోకి వెళ్తుంది. డబ్బాలోంచి వీసీఆర్లోకి. వీసీఆర్లోంచి టీవీలోకి. రైలుపెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి, అంతే. మధ్యలో ఓ ముక్క తక్కువైంది, నా దగ్గరుందిలెండి." వైరు కోసిన చప్పుడు, తొక్క గీకిన చప్పుడు, మరలు బిగించిన చప్పుడు. "ఇప్పుడు టీవీలో వీసీఆర్‌కి ఒక ఛానెలు వెతికి పెట్టాలి. అది దొరికేదాకా ఈ ముగ్గుపిండి జల్లే."

టీవీ సర్రుమంది. తర్వాత ఉన్నట్టుండి ఎవరో ఒకావిడ సబ్బు గురించి గదంతా మారుమోగేలా చెప్పింది. నాయనమ్మ ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో టీవీ నోరు విప్పడం ఆవిడ వినడం అదే మొదలు. ఆవిడ ఈ ఇంటికి రాకముందు ఒకసారి సౌండు మీట నొక్కుకుపోయి అది పొద్దస్తమానం కేకలు పెడితే, పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టినంత పనిచేశారట. లోపల ఇద్దరూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని బొమ్మలు చూస్తున్నారట. అప్పటినుంచి సౌండు సున్నా. నాయనమ్మకి తలగడ పక్కన రేడియో ఉండేది, అది చాలేది.

"సౌండు ఖంగుమంటోంది మామ్మగారూ! ఇక క్యాసెట్టు ఇవ్వండి."

ఇచ్చింది కోడలు. గాజులు గలగలమన్నాయి. రికార్డరు క్యాసెట్టుని గుటుక్కున మింగింది. లోపల ఏదో తిరగడం మొదలుపెట్టింది. నాయనమ్మ కుర్చీ అంచుకి జరిగి, చెవి ముందుకి పెట్టింది.

"వచ్చేసింది, వచ్చేసింది! పాప! ఎర్రగౌను, రెండు పిలకలు. అబ్బో, గరిటె పట్టుకుని ఏదో చదివేస్తోంది! గడుగ్గాయే!" కేబులాయన సంబరపడిపోయాడు. పాపం, ఆయనకేం తెలుసు.

కోడలి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఆవిడ నోట నాయనమ్మ ఎప్పుడూ వినని శబ్దం. తర్వాత టీవీలోంచి ఏమీ రాలేదు.

"సౌండు పెట్టు నాయనా."

"పెట్టే ఉంది మామ్మగారూ. ఉండండి." ఏవో మీటలు నొక్కాడు. సబ్బు ఆవిడ మళ్ళీ అరిచింది, మళ్ళీ ఆగింది. క్యాసెట్టు ఆపాడు, వేశాడు. టీవీ వెనక్కి వెళ్ళి వైర్లు పీకాడు, గుచ్చాడు. అంత వాగే మనిషి మాట్లాడటం మానేశాడు.

"మామ్మగారూ," టీవీ వెనకనుంచే మెల్లగా అన్నాడు. "ఇందులో సౌండు లేదండీ."

"లేకపోవడమేంటి? పిల్ల మాట్లాడుతోందన్నావుగా?"

"మాట్లాడుతోందండీ, నోరు కదులుతోంది. క్యాసెట్టులోకి మాత్రం ఎక్కలేదు. కెమెరా నుంచి ఎక్కించేటప్పుడు రెండు వైర్లు పెట్టాలి. పసుపుపచ్చది బొమ్మకి, తెల్లది సౌండుకి. తెల్లది పెట్టినట్టు లేరు."

ఆ మాటతో నాయనమ్మకి ఆ రోజు మొత్తం కళ్ళకి కట్టినట్టు గుర్తొచ్చింది. వసపిట్ట ఆవిడ మంచంమీద గెంతుతూ చదివిన వార్త. "ఇప్పుడే అందిన సమాచారం. నాన్న కెమెరాకి పసుపుపచ్చ వైరు గుచ్చారు. టీవీలో నేను వచ్చాను. తెల్లవైరు ఒకటి మిగిలిపోయింది. అదెందుకో తెలీక నాన్న చుట్టచుట్టి సంచిలో పెట్టేశారు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది కాబట్టి అందరూ చప్పట్లు కొట్టవలసిందిగా కోరుతున్నాం." నాయనమ్మ చప్పట్లు కొట్టింది కూడా. ఇంకే ఇంట్లోనైనా "సౌండేదిరా" అని ఎవరో ఒకరు ఆ క్షణమే అరిచి ఉండేవారు. టీవీ అంటే బొమ్మే అనుకునే ఇంట్లో ఎవరరుస్తారు? చెవులున్న పిల్లకి కూడా ఆ టీవీ మూగదనే అలవాటు.

"ఆ చిన్న క్యాసెట్టు ఉంటే మళ్ళీ ఎక్కించొచ్చు మామ్మగారూ, ఐదు నిమిషాల పని."

"లేదు నాయనా. కెమెరాతోపాటే తిరిగిచ్చేశాడు. ఆ కెమెరా ఆయన దానిమీదే వాళ్ళ చెల్లెలి పెళ్ళి తీసుకున్నాడు."

కేబులాయన గొంతు ఇంకా తగ్గించాడు. "మరి... సార్‌కి చెప్పమంటారా?"

"నోరు ముయ్యి. ఇటు రా. వాళ్ళకి వీపు పెట్టి నిలబడు." నాయనమ్మ ఏడుస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, పెదాలు కనపడకుండా. నిజానికి ఏడుస్తూనే ఉంది. "వాడికి చెప్పావంటే నా మీద ఒట్టు. కూతురి గొంతు తన చేత్తోనే పోగొట్టుకున్నానని తెలిస్తే వాడు బతకడు. పిల్ల పోయినప్పుడే సగం చచ్చాడు."

"మరి మీరెలాగండీ?"

"నేను విన్నాననుకో. నీకెందుకు?"

అంతలో కొడుకు అడుగులు టీవీ దగ్గరికి నడిచాయి. టీవీ పక్క చెక్కమీద చెయ్యి ఆనించిన చప్పుడు. ప్రెస్సులో యంత్రం ఎలా నడుస్తోందో వాడు అలాగే తెలుసుకుంటాడు, ఇనుముకి అరచెయ్యి ఆనించి. అదురు బట్టి లోపల ఏ చక్రం మొరాయిస్తోందో చెప్పేయగలడని వాడి యజమానే అంటాడు.

"మామ్మగారూ," కేబులాయన గొణిగాడు, "చెయ్యి పెట్టి చూస్తున్నారు. అదురు లేదని పట్టేస్తారు."

"పెంచు!"

"ఏం పెంచనండీ, లోపల ఏమీ లేందే?"

"ఏమీ లేకపోవడమేంటి, బుస్సుమంటోంది వినపడటం లేదా? ఆ బుస్సే పెంచు! చివరిదాకా పెంచు!"

ఆయన పెంచాడు. ఖాళీ క్యాసెట్టు చేసే ఆ సన్నటి బుసబుస లావయింది, గదంతా నిండింది, కింద ఒక గుయ్యిమనే మోత తోడైంది. టీవీ పెట్టె గజగజలాడింది. దానిమీది పూలకుండీ గలగలమంది. కొడుకు నోటినుంచి ఒక్కసారి ఊపిరి బయటికొచ్చింది. పరిగెత్తి భార్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. రెండో పక్క ఆవిడ చెయ్యి ఆనింది. గాజులు పెట్టెకి తగిలి కటకటమంటూ ఉన్నాయి, ఆవిడ చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని నిలబడ్డారండీ," అన్నాడు కేబులాయన. "సార్ నవ్వుతున్నారు."

గోడ అవతలినుంచి దబదబా బాదారు. "ఏంటండీ ఆ గోల! చెవులు పగిలిపోతున్నాయి, తగ్గించండి!"

కేబులాయన తగ్గించబోయాడు. నాయనమ్మ గోడవైపు తిరిగి ఒక్క అరుపు అరిచింది.

"మా పిల్ల మాట్లాడుతోందమ్మా! కాసేపు ఓర్చుకోండి!"

గోడ నోరు మూసుకుంది. కేబులాయన సంచీ సర్దుకున్నాడు. వెళ్ళేముందు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఏదైనా పాడైతే పిలవండి మామ్మగారూ" అని మాత్రం అన్నాడు.

"ఇంకేం పాడవుతుందిలే నాయనా, వెళ్ళిరా," అంది.

క్యాసెట్టు అయిపోయింది. రికార్డరు టక్కుమని ఆగింది. చెవుల్లో హోరు ఇంకా పోలేదు. కొడుకు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. అరచెయ్యి విప్పి వేలు పెట్టాడు. ఎప్పటికంటే మెల్లగా రాశాడు. ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగి, ఆవిడకి అందిందో లేదో చూసుకుని మరీ రాశాడు.

దాని గొంతు ఎలా ఉంది?

ఈ సంగతి నాయనమ్మకి ఏనాడూ తట్టలేదు. ఏడాదిగా గొంతు పోయింది, గొంతు పోయింది అని తన ఏడుపు తను ఏడ్చింది. వీడికి అసలది ఎప్పుడుంది? కన్నకూతురి నోరు కదలడం చూశాడు, పదేళ్ళూ చూశాడు, ఒక్క మాట వినలేదు. ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు. అడిగితే వసపిట్టనే అడగాలి, వసపిట్ట తన గొంతు గురించి తనేం చెబుతుంది? తల్లి ఇవాళ విన్నదని, ఇంకా చెవిలో ఉండగానే అడిగేస్తున్నాడు పిచ్చినాయన. వాడి కోసమైనా ఇప్పుడొక జవాబు కావాలి.

తీయగా ఉందనాలా? ఐదేళ్ళప్పుడు చెవులు పోయినవాడికి తీపి ఏమిటో గుర్తుంటుందా? పిల్ల పిలుపు కోసం లోపలంతా వెతికింది. రాలేదు. ఇంకా లోపలికి వెళ్ళింది. అప్పుడు ఎక్కడినుంచో ఒక గొంతు వచ్చింది. గుమ్మంలో నిలబడి, చివర సాగదీసి, "అమ్మా, ఇటు చూడవే" అంటోంది. వసపిట్ట ఆవిణ్ణి ఎప్పుడూ అమ్మా అనలేదు. ఆ గొంతు వీడిది. జ్వరం రాకముందు, పెదాలు బిగించుకోకముందు వీడిది. ఎన్నేళ్ళయిందో ఆవిడ దాన్ని తలుచుకుని. తలుచుకుంటే తట్టుకోలేనని తనే లోపలెక్కడో పూడ్చేసింది. ఇప్పుడు వింటుంటే అది వీడిదో, పిల్లదో ఆవిడకే తెలియలేదు. సాగదీత ఒకటే, ఆ గారాబం ఒకటే. ఒకే గొంతు ఆవిడ చేతుల్లోంచి రెండుసార్లు జారిపోయింది.

మొహం వెలుగువైపు ఎత్తింది. వాడికి స్పష్టంగా కనపడాలని ఒక్కొక్క మాటా విడదీసి పలికింది.

"నీ గొంతేరా. జ్వరం రాకముందు నువ్వు మాట్లాడేవాడివే. అచ్చం అదే గొంతు."

వాడి వేలు అరచేతిలో ఆగిపోయింది. గాజులు ఆత్రంగా అడిగాయి, ఏమంది, ఏమంది అని. వాడు చెప్పినట్టున్నాడు, గాజులూ ఆగిపోయాయి. కోడలు మోకాళ్ళమీద దగ్గరికి జరిగింది. నాయనమ్మ చెయ్యి చాపి తడిమితే, కోడలి చెయ్యి కొడుకు గొంతుమీద ఆని ఉంది.

అప్పుడు వాడు గొంతు తెరిచాడు. మాట కాదు. బొంగురుగా, గరుకుగా, ఎటు పోవాలో తెలియని మోత. నాయనమ్మకి చెవులు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. కోడలు చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచింది. వాడు ఊపిరి ఉన్నంతసేపూ ఆ మోత సాగింది.

తర్వాత వాడు ఆవిడ అరచేతిలో మళ్ళీ రాశాడు. మళ్ళీ వెయ్యనా?

"వెయ్యి నాన్నా," అంది నాయనమ్మ.

రికార్డరు క్యాసెట్టుని వెనక్కి తిప్పింది. ఆవిడ మొహం తుడుచుకుని, వాడికి కనపడేలా చెవి టీవీవైపు పెట్టి, వినడానికి కూర్చుంది.